బొల్లారం షెడ్డుల బండి

తార్పాలిన్ గుంజంగనే
నాకంటె ముందుగాల ఎండ జొర్రింది లోపటికి,
ఆకుపచ్చ బానెట్ మీద జారి
అద్దం లేనికాడ ఆగింది.

పుణె నుంచి వచ్చినాయన మోకాళ్ళ మీద కూసొని
చాసిస్ నెంబరు వేలుతోని తడిమిండు.
"అంతా ఒరిజినలేనా?"

ఇంజను ఇంగ్లండుదే సార్.
పిస్టన్ రింగులు రాణీగంజ్ లేతు మీద తీసినయి.
బానెట్ బెల్టు మోచీ నర్సింగ్ కుట్టిండు, చెప్పుల తోలే.
ఎడమ రెక్క సొట్టలు
బిందెలు సాపుజేసేటాయన తీసిండు,
కొట్టికొట్టి, చెవి ఆనించి ఇనుకుంట.
నూనె కారుడు మాత్రం ఒరిజినల్.

సొరాబ్ సాబ్ పాత రన్‌వే మీద దీన్ని తోలుతుంటే
పానా పట్టుకొని నిలబడేటోణ్ణి,
దుమ్ములకెల్లి ఎప్పుడు బయటపడతదా అని.
ఇప్పుడు అమ్మగారు ఫ్లాటుకు పోతున్నరు.
ఆడ పార్కింగు ఒక్కటే.

రెండో గేరు మొండిది, చెప్పిన.
బ్రేకు ఎడమకు గుంజుతది, చెప్పిన.
వానల తియ్యకుండ్రి అన్న.

చలి పొద్దున
కార్బొరేటర్ నోటికి అరచెయ్యి అడ్డంబెట్టి
మూడు లెక్కబెట్టి తీస్తె గాని
లేవదు అది.

గదొక్కటి చెప్పలే.
నా ఫోన్ నెంబరు మాత్రం
రెండు కాయితాల మీద రాసిచ్చిన.