సిగరెట్ కాగితం

హెలెద్ తలుపు తీసి
నా మొహం చూసింది, చేతులు చూసింది.
"ఒక్క సిగరెట్ కాగితం కావాలి," అన్నాను.
"పొగాకు వద్దు. కాగితం చాలు."
"మళ్ళీ మొదలెట్టావా, టెగిడ్?"
పదకొండేళ్ళ కిందట మానేసినవాణ్ణి.
"నాకు కాదు, బండికి," అన్నాను.
ఇరవై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి,
ఇంత నాసిరకం సాకు ఎక్కడా విని ఉండదు.
ఇచ్చింది మాత్రం.

మా బెథెస్డాలో వాన నిలువుగా పడదు.
పలకరాళ్ళ గుట్టల మీంచి ఏటవాలుగా జారి
షెడ్డు తలుపు కిందనుంచి దూరుతుంది.
లోపల గోనెపట్టా మీద
నాకంటే ఏడాది చిన్నది,
మూడువందల యాభై సీసీ.
ఒకే సిలిండరు. ఒకటే మాట:
రాను.

డాక్టరమ్మ నా కుడిమోకాలి ఫోటో వెలుగుకి పెట్టి
"ఇకమీదట తన్నడాలు తగ్గించండి," అంది.
దేన్ని తన్నుతానో అడగలేదు.

ముందు కార్బురేటర్ విప్పాను.
వెంట్రుక మాత్రం దూరే పైలట్ జెట్టులో
ఏ కాలం నాటి పెట్రోలో
తేనెరంగు బంకై కూర్చుంది.
ప్లగ్గు చూస్తే మాడిన చట్టి అడుగు:
తాగడమే గాని అరగడం లేదు దీనికి.
తలకీ కార్బురేటర్‌కీ నడుమ వాషరు చిరిగి
దొంగచాటుగా గాలి పీలుస్తోంది.
ఆ గాలికి సరిపెట్టాలని సూదిని పైకెత్తారెవరో.
ఎవరో ఏమిటి, తెలుసు నాకు.
ఓట్స్ డబ్బా అట్ట కత్తిరించి కొత్త వాషరు వేశాను.
సూది రెండు మెట్లు దిగింది.

ఇక మాగ్నెటో.
గేరు పన్ను మీద ఆకురాయితో కోసిన గీత,
తమ్ముడు గెథిన్‌ది.
డెబ్భైనాలుగులో, కొండపందెం కోసం
పైకొసకి పద్నాలుగు మిల్లీమీటర్ల ముందే
రవ్వ పడేలా పెట్టాడు.
"ముందు మండితే ముందు పోతుంది," అనేవాడు,
చాపెల్లో వాక్యం చదివినట్టు.
ముందు పోయింది వాడే.
బండి మీద కాదు. క్వారీ దుమ్ము
ఊపిరితిత్తుల్లో పేరుకుని, మంచం మీద.
నాకు మిగిలినవి ఈ బండీ,
కిక్కురాడ్డు వెనక్కి తన్నినప్పుడు
విరిగి వంకరగా అతికిన చీలమండా.

ప్లగ్గు కన్నంలోంచి సైకిల్ చక్రపు ఊచ దించి
పిస్టన్ ఎక్కడ తటపటాయించి ఆగుతుందో
అక్కడ గుర్తు పెట్టాను.
లీవరు పూర్తిగా ముందుకి.
పిస్టన్ వెనక్కి, పదకొండు మిల్లీమీటర్లు, అంతే.
పాయింట్ల మధ్య హెలెద్ కాగితం.
ఓ చేత్తో మాగ్నెటోని వెంట్రుకవాసి తిప్పుతూ
ఓ చేత్తో కాగితం లాగుతూ
పట్టు
పట్టు
పట్టు
వదిలింది,
అప్పులవాడు పోనీలే అన్నట్టు.

గెథిన్ గీతని చెరిపేద్దామని ఆకురాయి తీశాను.
దాని పక్కన ఇంకోటి గీశాను.
రెంటికీ నడుమ గోరు పట్టదు.

వీధిలోకి దించాను.
టిక్లర్ నొక్కితే వేలికి పెట్రోలు తడి.
లీవరు వెనక్కి. వాల్వు ఎత్తి, బరువు దాటించి, వదిలి,
తన్నలేదు.
మెట్టు దిగినట్టు దిగాను.

డబ్.
డబ్. డబ్.
ఇంటి కిటికీలన్నీ లెక్క ఒప్పుకున్నాయి.

ఓగ్వెన్ కనుమ దాకా పోయాను.
మూడో గేర్లో కూడా దగ్గి దగ్గి ఎక్కే మలుపుని
నాలుగులోనే, అడక్కుండానే ఎక్కింది.
పైన సరస్సు పక్కన ఆపి కూర్చున్నాను.
గొర్రెలు చూస్తున్నాయి.
మూడు మిల్లీమీటర్లురా, గెథిన్.
దాదాపు యాభై ఏళ్ళు
ఈ మూడు మిల్లీమీటర్ల కోసం
నేనూ ఇదీ తన్నుకున్నాం.
పైకి అనలేదు. అంటే వాదిస్తాడు.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర హెలెద్.
"ఏదీ నా కాగితం?"
జేబులోంచి తీసిచ్చాను, ఓ మూల నూనె మరకతో.
వెలుగుకి పట్టి చూసింది, ఏమీ అనలేదు.
అందులోనే పొగాకు చుట్టింది.
అగ్గిపుల్ల నేనే గీశాను,
గాల్లో, ఆ వానలో.
ఒక్క గీతకే అంటుకుంది.