మీ దగ్గర ఉన్న మాది

స్టేషన్ రోడ్డు బ్రాంచిలో మూడో బల్ల నాది.
అద్దం మీద 'విదేశీ మారకం' అన్న ఎర్ర అక్షరాల్లో
'మా' ఎప్పుడో ఊడిపోయింది.
ఎవరూ అంటించలేదు, నేనూ అడగలేదు.

పదింటికల్లా వచ్చి కూచున్నడు ఎలగందుల ఓదెలు,
కొత్తవాడ నుంచి సైకిలు మీద.
గోళ్ల సందుల్లో నిన్నటి అద్దకం నీలం.
"జంపఖానాలు చేరినయట మేడం.
జర్మనోళ్లు పైసలు పంపి పదకొండు రోజులాయె.
ఏ బండిల వస్తున్నయో జెర చూడు."

ఏ బండిలోనూ రావని ఎట్లా చెప్పను?
యూరో ఫ్రాంక్‌ఫర్ట్ గడప దాటదు.
అక్కడి బ్యాంకులో మా బ్యాంకుకొక ఖాతా,
నోస్ట్రో అంటారు దాన్ని:
మీ దగ్గర ఉన్న మాది.
అక్కడ ఒక గడిలో తీసి పక్క గడిలో వేస్తారు,
ఇక్కడ మేం రూపాయలతో నీ గడి నింపుతాం.
సముద్రం దాటేది మాట ఒక్కటే.

అర్థం కాదనుకున్నా. ఆయన నవ్విండు.
"మా నాయినకు నూలు సావుకారి చిట్టీ రాసిచ్చెటోడు.
అది పట్టుకొని సోలాపూర్ పోతే
కండె మీద కండె ఎత్తిచ్చెటోళ్లు.
పైస అంగి జేబులకెంచి కదిలేది గాదు.
గంతేనా?"

గంతే.
తొమ్మిదేళ్లుగా నేను ఇంత తేలిగ్గా
ఎవరికీ చెప్పలేకపోయాను.

తెర మీద వెతికితే దొరికింది మాట,
ముంబైలో ఆగి ఉంది, ఒక్క అక్షరం దగ్గర.
ఖాతాలో ఓదెలు. మెసేజీలో వోదెలు.
ఇన్వాయిస్ కొట్టిన డీటీపీ పిల్లగాడు
ముందొక 'వీ' తగిలించిండు.
మిషను ఇద్దరు మనుషులను చూసింది.
"మా అవ్వ ఓదెల మల్లన్నకు మొక్కితే పుట్టిన.
ఆ దేవునికి లేని అక్షరం నాకెక్కడిది?"

దిద్దమని రాశాను. రేపు రమ్మన్నాను.
ఆయన పోలేదు, బెంచీ మీదే కూచున్నడు,
మగ్గం గుంత దగ్గర కూచున్నట్టు
కాళ్లు కిందికి వేలేసి.

ఈలోగా కువైట్ దినార్లు కొన్ని,
చుక్క తర్వాత మూడు అంకెలు వాటికి.
పరకాల షేక్ మహబూబ్ బీ పేరు మీద,
పని చేసిన కంపెనీ పంపిన ఆఖరి లెక్క.
దేనికొచ్చిన సొమ్మో కోడ్ వేయాలి.
వేశాను, ఆమె మొహం చూడకుండా.
ఫాతిమానగర్ రిటైర్డ్ గార్డు శౌరికి
పన్నెండు వేల యెన్లు, చుక్కే లేదు, చిల్లరే లేదు,
పాత బొగ్గింజను ఫోటో ఒకటి
జపాను పత్రికలో అచ్చయినందుకు.
ఒకే పట్టికలో మూడంకెల దుఃఖం పక్కన
సున్నా చిల్లర సంబరం.
సర్దడమే నా పని. సరితూగడం కాదు.

మర్నాడు మూడూ నలభైకి జవాబొచ్చింది.
పంపింది నాలుగు వేల మూడొందల యాభై,
చేరింది నాలుగు వేల మూడొందల పన్నెండు.
మధ్యలో ఒక బ్యాంకు పద్దెనిమిది తీసుకుంది,
ఇంకొకటి ఇరవై.
ఓదెలు కాగితం అటు తిప్పి ఇటు తిప్పి
"పడుగుల తరుగుంటది. పేకల తరుగుంటది.
మాటల గూడ తరుగుంటదా మేడం?"
ఉంటుంది.
"మరి ముందే చెప్తే
ధరల కలుపుకుందుము గదా."

సంతకం పెట్టి లేచి, గుమ్మం దాకా పోయి, మళ్లొచ్చిండు.
"నా పేరు దిద్దిన ఆ ఫ్రాంక్‌ఫర్ట్ ఆమెకో ఆయనకో
ఓ మంచి మాట రాయి."
మా మెసేజీలో గీతకు ముప్పై అయిదు అక్షరాలే
పడతాయి, ఓదెలు గారూ.
పైగా దానికి కోడ్ లేదు.
"ముప్పై అయిదు శాన గదా," అన్నడు.

అయిదింటికి రోజు మూయాలి.
శౌరి యెన్ల ఓచరు మీద సంతకానికి
పెన్ను తీస్తే నీలంగా అంటింది వేలికి,
సిరా కాదు.
తుడుచుకోకుండానే
అక్షరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.