వాలు

మ్యాచ్‌కి ముందు రాత్రి, వ్యాసర్పాడి క్యారమ్స్ క్లబ్బులో
జరిగే ఆట ఆపించి బోర్డు అడుక్కున్నాను.
తెల్లకాయలు మనం. నల్లకాయలు తాంబరం కాలేజీ.
ఎర్రకాయ వాడు, ఏడో నంబరు, ఎళిలన్,
బంతి కాలికి తగిలితే చాలు
తల దించుకుని ఉరికేవాడు.

వాళ్ళకి వేరే విద్య లేదు.
పాస్ ఇవ్వరు, పైకి లేపరు. ఉరుకుతారు.
లీగులో నాలుగు జట్లు ఆ ఉరుకుడు కిందే నలిగాయి.
ఎదురెళ్ళి కాలు చాపిన ప్రతివాడూ
మట్టి కరిచి లేచాడు.

మా సాయంకాలం కాలేజీ పిల్లలు బోర్డు చుట్టూ మూగారు.
పగలంతా కొరియర్ సంచులు మోసిన భుజాలు,
ఒకడి గోళ్ళలో ఇంకా గ్రీజు.
"వాణ్ణి ఎట్లా ఆపేది మాస్టర్?" అన్నాడు ఏసుపాదం.
"ఆపేదేముందిరా" అన్నాను.

ముప్పై ఏళ్ళు కార్పొరేషన్‌లో వాననీటి కాలవలు చూసినవాణ్ణి.
డిసెంబరు వానకి బకింగ్‌హామ్ కాలవ ఎదురుతన్నినప్పుడు
ఇసక మూటలు పేర్చి నీళ్ళనాపిన మొనగాణ్ణి
ఇంతవరకు చూళ్ళేదు.
నీటికి వాలు చూపించాలి.
తన ఇష్టానికే పోతున్నట్టు పోతుంది,
మనం తవ్విన చోటికి.

అందుకని ఇట్లా, అంటూ కాయలు జరిపాను.
నడిమి సందు మూయండి.
బయటివైపు మాత్రం తలుపు తీసి పెట్టండి,
వాడది తన తెలివనుకోవాలి.
పక్కపక్కనే ఉరకండి, ఒక భుజం లోపలివైపు.
వాడి కాళ్ళు చూడకండి, కాళ్ళు అబద్ధాలాడతాయి,
నడుము చూడండి.
మీద పడొద్దు.
ఏసుపాదం, నీకే చెప్తున్నా, మీద పడొద్దు.
సున్నపు గీత మన పన్నెండో మనిషి,
దానికి అలుపు లేదు, బస్సు చార్జీ అడగదు.
వాణ్ణి తోలుకెళ్ళి దానికి అప్పజెప్పండి.

ఎర్రకాయ అంచు వెంబడి జారి గుంటలో పడింది.
"రాణి పడితే సరా, కవర్ పడొద్దూ?"
అన్నాడు క్లబ్బు పెద్దాయన చెంగల్రాయుడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు పెరంబూరు మైదానంలో
ఎండ రేకులా పరిచి ఉంది.
అరవై నిమిషాలు మా కాలవ పారింది.
ఎళిలన్ ఉరికాడు, గీత దాటాడు.
ఉరికాడు, గీత దాటాడు.
ప్రతిసారీ త్రో మాకే.
మేం ఒక గోలు కూడా కొట్టాం, కార్నర్ నుంచి,
ఎవరి మోకాలికి తగిలి పోయిందో ఇప్పటికీ తగువే.

అప్పుడు వాడు ఆగాడు.
గీతకి రెండడుగుల ఇవతల,
బంతి మీద కాలు పెట్టి
తలెత్తాడు.
రోజూ పోయే వీధిలో బోర్డులు
మొదటిసారి చదివేవాడిలా చూశాడు.
అవతలి మూల ఒక బక్కపిల్లాడు,
సీజనంతా బంతి అందనివాడు,
చెయ్యెత్తాలా వద్దా అని సగం ఎత్తి ఉన్నాడు.
మా బోర్డు మీద వాడికి కాయ కూడా లేదు.

బంతి వెళ్ళింది.
చాప మీద పడుకున్నవాళ్ళ మధ్య
పిల్లి నడిచినట్టు, ఎవరికీ తగలకుండా.
ఒకటి, ఒకటి.

ఏసుపాదం నా వైపు చూశాడు.
తిట్టడానికి నోరు రాలేదు.
ఆ వాలు తవ్వింది మేమే.

చివరికి గెలిచాం లెండి.
ఎనభై ఏడో నిమిషం, పెనాల్టీ, చెప్పుకోడానికేం లేదు.
కప్పు క్లబ్బులోనే ఉంది,
చెంగల్రాయుడు అందులో స్ట్రైకర్లు వేస్తున్నాడు.

ఆ రాత్రి పిల్లలు పెనాల్టీని పదిసార్లు మళ్ళీ కొడుతుంటే
నేనొక నల్లకాయ తీసి
బోర్డు అవతలి మూల పెట్టి,
తల వంచి, దాని ఎత్తు నుంచి చూశాను.

అక్కణ్ణించి అంతా బాగానే కనిపిస్తుంది.