ఒక అరచేయి, ఒక శాతం

నవంబరు ఆఖర్న సూర్యుడు దుకాణం కట్టేశాక
నార్వే ఉత్తర కొసనున్న ఈ దీవికి నన్ను పంపారు,
సోరియాసిస్ ఎందరికుందో, ఎంతుందో
లెక్క తేల్చుకు రమ్మని.
సంచిలో ఐదువందల ఫారాలు, రెండు పెన్సిళ్ళు.
రేవులో దిగుతూనే మంచు మీద జారిపడ్డాను.
పడవ తాడు అందుకునే ఆవిడ వచ్చి లేపింది.
చేతికి తొడుగుంది.
చలికాలం కదా, అనుకున్నాను.

బడి వ్యాయామశాలలో, బాస్కెట్‌బాల్ బుట్ట కింద
దుప్పటి తెర కట్టి బల్ల వేసుకున్నాను.
కొలత సులువు.
ఎవరి అరచేయి, వేళ్ళతో సహా, వాళ్ళ ఒంట్లో నూటికి ఒకటి.
జబ్బున్నవాళ్ళ చేత కాగితం మీద చేయి పెట్టించి
చుట్టూ గీత గీస్తాను.
తర్వాత అడగడమే:
వీపున ఎన్ని చేతులు, కాళ్ళకెన్ని, తలలో ఎన్ని.
ఎరుపెంత, మందమెంత, పొలుసెంత,
ఒక్కోదానికీ సున్నా మొదలు నాలుగు.

పొలుసు అనేసరికి ఎయ్‌లెర్ట్ నవ్వాడు.
"ఈ ఊళ్ళో పొలుసు రాలనిదేముంది?"
కాడ్ చేపల పడవ అతనిది. నలభై ఆరేళ్ళు.
చొక్కా విప్పితే ముప్ఫై ఒక్క చేతులు.
"మా తాత నాకు రెండే రాసిచ్చాడు,
పడవొకటి, ఇదొకటి.
పడవకి ఇన్సూరెన్స్ ఉంది."
వేలి కణుపులు వాచి ఉన్నాయి.
గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు గుంటలు.
గత వారంలో మీకెంత సిగ్గనిపించింది? అని ఫారం అడుగుతుంది.
"ఎవర్ని చూసి? చేపల్నా?"
తీవ్రం గడిలో టిక్కు పెట్టాను,
సిగ్గు గడిలో సున్నా.

అరచేతిని అడ్డుపెట్టి సూర్యుణ్ణి ఆపలేమంటారు.
ఇక్కడ ఆపుదామన్నా లేడు, జనవరి దాకా.
ఎండాకాలం అర్ధరాత్రీ వెలుగేనట,
అప్పుడు సగం మందికి ఒళ్ళు తేరుకుంటుందట.
చీకటి పడగానే మళ్ళీ మొదలు.
ఆస్పత్రిలో ట్యూబులైట్ల బీరువా ఒకటుంది, వారానికి మూడుసార్లు.
పోను రెండు గంటలు, రాను రెండు గంటలు,
అదీ సముద్రం ఒప్పుకుంటే.
బీరువాలో నిలబడేది ఏడు నిమిషాలు.

దీవిలో పెద్దవాళ్ళు నాలుగువందల పన్నెండు మంది.
ముప్ఫై ఎనిమిది మంది రాలేదు.
లెక్క చెడేది వాళ్ళతోనే.
జబ్బు లేక రాలేదా, ఉండబట్టే రాలేదా,
దానికి నా దగ్గర గడి లేదు.
ఈత కొలను గడప ఎన్నడూ తొక్కని ఓ కుర్రాడున్నాడన్నారు, సిండ్రే.
వాళ్ళ తలుపు రెండుసార్లు తట్టాను.
లోపల టీవీ గొంతు తగ్గింది.

ఆఖరి రోజు సాయంత్రం, నేను బల్ల మడుస్తుంటే
తాడు అందుకునే ఆవిడ వచ్చింది. గుడ్‌వైగ్.
తొడుగులు విప్పింది.
ఒళ్ళంతా శుభ్రం. అరచేతులు రెండే,
ఉప్పు తినేసిన పడవ చెక్కల్లా.
తాడు బిగిసినప్పుడల్లా పగుళ్ళు నోళ్ళు తెరుస్తాయట.
కొట్టు పిల్ల చిల్లర చేతికివ్వదట,
సాసర్లో వేసి ఇటు తోస్తుందట.
ప్రతి ప్రశ్నకీ దాదాపు చివరి గడే చూపించింది,
వేలు కాగితానికి ఆనించకుండా.
ముప్ఫైకి ఇరవై ఏడు.
కానీ రెండు చేతులంటే రెండు శాతం,
రెండు శాతమంటే స్వల్పం.
నేననలేదు, పట్టిక అంది.

"నీ కొలబద్ద నా చేయే కదా," అందావిడ,
"కొలబద్దకే జబ్బు చేస్తే దేంతో కొలుస్తావు?"
నేను పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను,
అది అప్పటికే మొనదేలి ఉన్నా.

తర్వాత ఆమె చేయి చుట్టూ గీత గీశాను.
బొటనవేలు దగ్గర ఊపిరి బిగబట్టింది.
నొప్పా అని అడిగితే కాదంది.
చేయి తీశాక
కాగితం మీద తెల్లగా ఒక పొలుసు మిగిలింది.
ఊదెయ్యబోయి, ఊరుకున్నాను.

ఫిబ్రవరిలో పెద్దాఫీసు నుంచి చీటీ వచ్చింది:
మూడువందల డెబ్భై నాలుగో ఫారం మీద మరక ఉంది,
శుభ్రమైన ప్రతి పంపగలరు.

చీటీ సొరుగులో ఉంది.
ప్రతి ఇంకా తియ్యలేదు.