ఇల్లు, వాళ్ళ భాషలో కూడా

ఉపర్నవిక్‌లో నవంబరు మధ్యాహ్నం.
మధ్యాహ్నమన్నది గడియారం చెప్పే మాటే,
కిటికీ మాత్రం కాటుక భరిణె.
సూర్యుడు వెళ్ళి పదిరోజులైంది.
జనవరి చివరిదాకా రాడు, ఎవరూ అలగరు.

పనీరాక్ టీచరు హెడ్‌ఫోను సర్దుకుని
తెర మీద ఒక్క మాట రాసింది:
ఇల్లు.
నమ్మండి, గ్రీన్‌లాండు వాళ్ళకీ ఇల్లు ఇల్లే.
ఎవరి దగ్గర ఎవరు అప్పు తెచ్చుకున్నారని అడక్కండి.
ఎవరూ తేలేదు. ఊరికే కలిసింది,
రైలుపెట్టెలో ఒకేలాంటి స్వెట్టరు తొడుక్కున్న
ఇద్దరు పరాయివాళ్ళలాగా.

మూడు దీవుల్లో ఏడుగురు పిల్లలు.
పడవ తిరగలేనంత మంచు,
బండి తోలలేనంత పల్చటి మంచు.
అందుకే బడి ఇలా, చతురస్రాల్లో.

వాళ్ళ మాటలు పొడుగు.
ఇల్లుకి పెద్దరికం తగిలిస్తే ఇల్లోర్సువాక్,
దానికి మన 'లో' లాంటిది అతికిస్తే ఇల్లోర్సువర్మి.
అలా ముడేస్తూ పోతే
కుక్కలబండి పగ్గమంత.
నాలుక మీద పరుగెత్తే మాటే
చదవబోతే కుంటుతుంది.

అందుకని రంగులేసింది.
అవీ ఆవిడ కనిపెట్టినవి కావు.
ఆ తీరంలో ఒకప్పుడు ఇంటిరంగే ఇంటిపేరు:
ఎర్రది సరుకుల కొట్టు, పసుపుది ఆసుపత్రి,
పచ్చది రేడియో, నీలిది చేపల కర్మాగారం.
అక్షరం రానివాడైనా
జ్వరమొస్తే పసుపు వైపు నడిచేవాడు.

మాట మొదలు ఎరుపు: కొట్టు లేనిదే ఊరేది?
నడిమి ముక్క ఆకుపచ్చ: గొంతుని పెద్దది చేసేది రేడియోయే.
చివరి 'లో' నీలం: చివరికి అన్నీ సముద్రంలోకే.
తన తెలివికి తనే మురిసి
ఆ రాత్రి రెండు కాఫీలు తాగింది.

నివి రెప్పపాటులో విప్పేసింది.
మిగతావాళ్ళు నివిని చూసి విప్పారు.
అపుట్సియాక్ ఒక్కడే, తొమ్మిదేళ్ళవాడు,
రోజూ మొదటి ముడి దగ్గరే.
"ఎరుపు అయిపోయినచోట ఆగు నాన్నా."
ఆగడు. లేదా ముందే ఆగుతాడు.
మైకులో వాళ్ళ కుక్కలు మాత్రం వినిపిస్తాయి.
నాలుగోరోజు పుస్తకంలో రాసుకుంది:
ధ్యాస లేదు.
ఎర్ర సిరాతో.

ఐదోరోజు అందరూ వెళ్ళాక
వాడి చతురస్రం ఆరలేదు.
"టీచర్, మా ఊళ్ళో
ఎర్రిల్లేదో పచ్చిల్లేదో నాకు తెలీదు.
రెండూ తడిసిన అట్టలాగే ఉంటాయి."
"మరి కొట్టుకెలా వెళ్తావు?"
"అక్కడ మెట్టు విరిగుంటుందిగా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు పనీరాక్.
తెరలో రంగులన్నీ ఆపేసి చూసింది.
మొదలూ నడుమా
ఒకే బూడిదలో పడుకున్న కవలలు.
నీలం ఒక్కటే కాస్త నల్లగా, దూరంగా.
పుస్తకం తెరిచి ఆ ముక్క కొట్టేసింది.
కొట్టేసినా కనబడుతోంది.
కనబడనీ అనుకుంది.

రంగులు తియ్యలేదు. నివికి అవి కావాలి.
ఎరుపు కింద ఒక మెట్టు గీసింది,
పచ్చ నెత్తిన ఏంటెనా,
నీలానికి అల.
గీత రాని చెయ్యి, మెట్టు అచ్చం రొట్టెముక్కలా వచ్చింది.
సోమవారం ఏడుగురూ నవ్వారు.
అపుట్సియాక్ నవ్వుతూనే
ఇల్లోర్సువర్మిని మూడు చోట్ల విరిచి
చేతిలో పెట్టాడు.

ఆ వారం ఇంటిపని:
రంగు పేరెత్తకుండా
మీ ఇంటికి నాకు దారి చెప్పండి.

నివి చాలాసేపు పెన్సిలు కొరికిందట.
అపుట్సియాక్ జవాబు మొదట వచ్చింది:

కొట్టు దాటాక గాలి ఎడమచెంపకి తగలాలి.
మూడు కుక్కలు. మధ్యది మొరగదు, ముసలిది.
చేపనూనె వాసన ఎక్కడ ఎక్కువైతే
అక్కడ తలుపు.
గట్టిగా తట్టండి, అమ్మమ్మకి వినబడదు.