కొత్త కాజా

తొమ్మిదో రోజు.
వంగి నడుస్తున్నాను
నేలమీద సూది పడేసుకుని వెతుక్కునేదానిలా.
నిటారుగా నిలబడితే కుట్లు లాగుతాయట.
రెసీఫీలో జూన్ వాన,
రేకుల మీద రాత్రంతా ఎవరో మిషను తొక్కుతున్నట్టు.
వీధిలో సావ్ జువావ్ మంటలకి
తడికట్టెలు పేరుస్తున్నారు పిల్లలు.

ముప్ఫై ఏళ్లుగా ఈ వీధి నడుములన్నీ నా టేపుకి తెలుసు.
ఎవరు ఊపిరి బిగబట్టి కొలతిస్తారో
ఎవరు రెండు వేళ్ల వదులు అడుగుతారో.
నా కొలత మాత్రం
అద్దానికి వీపు పెట్టి తీసుకునేదాన్ని.

ముగ్గురు పిల్లలు సాగదీసి వదిలిన బట్ట నా పొట్ట.
ఏడేళ్లు దాచాను, బిస్కెట్ల డబ్బాలో,
పండగ గౌన్ల కూలి, పెళ్లిగౌన్ల కూలి.
ఎవరూ బలవంతపెట్టలేదు.
మొగుడు పోయి పదకొండేళ్లు.
పోవడమంటే చావడం కాదు, సావో పాలో బస్సెక్కడం.
అతని కోసం కాదు, నా కోసమే.
అందుకే ఇప్పుడు
ఎవరిమీద పెట్టి ఏడవాలో తెలియడం లేదు.

ఏడుపు మాత్రం వస్తోంది.
పొద్దున కాఫీ పొంగిపోయిందని వచ్చింది.
గోడమీద బల్లి నన్నే చూస్తోందని వచ్చింది.
వాపు గురించి, గొట్టంలోంచి కారే నీళ్ల గురించి
ఏ పక్కకి ఒరగకూడదో దాని గురించి
రెండు పేజీలు ఇచ్చారు ఆసుపత్రిలో.
చివర్న ఒక్క వాక్యం:
కొందరికి దిగులుగా ఉండవచ్చు.
ఆ కొందరు ఎలా ఉంటారో అనుకునేదాన్ని.
రవికె గుండీలు తప్పు పెట్టుకుని, తల దువ్వుకోకుండా
ఇదిగో, ఇలా ఉంటారు.

రాత్రి పట్టీ విప్పి చూసుకున్నాను.
చేయి తిరిగిన పనే, కాదనను.
కుట్టుకీ కుట్టుకీ సమానంగా దూరం.
కుడి కొసన చిన్న ముడత.
నేనైతే విప్పి మళ్లీ కుట్టేదాన్ని,
కూలి అడక్కుండా.
తర్వాత బొడ్డు చూసి ఆగిపోయాను.
ఎర్రగా, చిన్నగా, ఎవరిదో.

కరువు ఏడాది, ముళ్లపొదల సీమలో
దీపం వెలుతురులో మంత్రసాని కోసి ముడేసిన బొడ్డు నాది.
అమ్మ ఫోటో ఒక్కటీ లేదు.
ఆమె గొంతు నా ఆరో ఏట మరచిపోయాను.
ఆమెకీ నాకూ మధ్య మిగిలింది ఆ ఒక్క ముడి.
దాన్ని కూడా
డబ్బిచ్చి కోయించుకున్నానా?
కడుపుకోత అనే మాట
అద్దంలో చదువుకున్నాను తెల్లవారేదాకా.

మర్నాడు కట్టు మార్చడానికి నర్సు గ్రాసిలేనీ వచ్చింది.
చిన్నపిల్ల, చెవికి ఆకుపచ్చ పోగులు.
"పాతది ఎక్కడ పారేశారు?" అన్నాను.
ముందు అర్థం కాలేదు.
తర్వాత గోడవారనున్న నా మిషను కేసి చూసింది,
దానిమీద గుండీల సీసా కేసి చూసింది.
"బొడ్డు కదల్లేదమ్మా. దాని వేరు లోపల ఉన్నచోటే ఉంది.
పైబట్టని కిందికి లాగారు.
కొత్తచోట కాజా కోసి
ఆ పాత గుండీనే బయటికి తీశారు."

ఆ పాత గుండీనే.
ఆమె వెళ్లాక రెండుసార్లు పైకి అనుకున్నాను.

దిగులు పోయిందని చెప్పను.
సాయంత్రానికి మళ్లీ వచ్చింది
తెలిసిన ఇల్లే కదా అని, తలుపు కొట్టకుండా.
దాని వెనకే లిండాల్వా వచ్చింది
గిన్నెలో జొన్నపొత్తుల పాయసం, పైన దాల్చినచెక్క పొడి.
ఎలా ఉందని అడగలేదు.
పక్కన కూర్చుని వేరుశనగలు ఒలిచింది.
మనవరాలి నాట్యం గౌను అంచు ఊడిందని
సంచిలో తెచ్చి, ఇవ్వాలా వద్దా అని ఒళ్లో పెట్టుకుంది.
ఇలా ఇవ్వు, అన్నాను.
ఎలాగూ వంగే ఉన్నాను.

సూదిలో దారం మూడోసారికి ఎక్కింది.
కొత్తగా కోసిన కాజాకి పోగులు లేస్తాయి,
చుట్టూ కుట్టు పడేదాకా
దాన్ని వేలితో పొడవకూడదు.
ఇరవై మందికి నేర్పాను ఈ మాట.

బయట పిల్లలు టపాకాయ పేల్చారు.
లిండాల్వా ఒళ్లో వేరుశనగలన్నీ ఎగిరి
ఒకటి ఆమె రవికెలోకి పోయింది.
నవ్వొచ్చింది.
అబ్బా, కుట్లు!
నవ్వొద్దని ఆ రెండు పేజీల్లో
ఎక్కడో రాసే ఉంటారు.