హోదా గడి

ముందుగాల ఆన్‌లైన్ల పేరు రాసుకున్నోళ్లకు ఉచితం.
గేటు కాడ అయితే అయిదు వందలు.
విజిటింగ్ కార్డు రెండు, జీఎస్టీ నంబరు.
పదహారేండ్ల లోపు పిల్లలు వద్దు, సంచులు వద్దు,
వ్యాపారస్తులకు మాత్రమే.
పొద్దటి సంది గిదే చదువుతున్న,
ఇగ నిద్రల గూడ చదువుత.

హన్మకొండల మగ్గం మిషిన్ల మేళా, మూడొద్దులు.
నా కూలి రోజుకు ఆరు వందలు, పగటి బువ్వ వాళ్లదే.

మొదటి దినం కొత్తవాడ నుంచి వచ్చిండు
వంగరి నరహరి. ఇస్త్రీ అంగీ, జేబుల టెస్టరు.
కార్డు అడిగితే ఆధార్ ఇచ్చిండు.
"కంపెనీ?"
"ఏ కంపెనీదైనా బాగుజేస్త."
"అది గాదు పెద్దనాయినా, మీ కంపెనీ."
జెరసేపు ఆలోచించి,
"మగ్గం ఆగినోళ్లంత నాకే ఫోన్ జేస్తరు" అన్నడు.

కంప్యూటర్ల హోదా అని ఒక గడి.
నొక్కితే కిందికి జారుతయి:
యజమాని, డైరెక్టరు, డీలరు, కొనుగోలు మేనేజరు.
చెవి పెట్టి విని
ఏ చక్రానికి ఏ పన్ను అరిగిందో చెప్పేటోడు
అండ్ల లేడు.
"ఇతరులు" గూడ లేదు, వెతికిన.
గడీ ముందట చెప్పులు ఇడువాలె అనేటోడు మా తాత.
ఈ గడి ముందట ఏం ఇడువాల్నో
నాకూ తెల్వదు.

"అయిదు వందలిస్త బిడ్డా, చూసి పోత."
నోటు మడత విప్పి బల్ల మీద పెట్టిండు.
పైసలు తీసుకుంటది గని మిషిను,
హోదా లేంది బిళ్ల అచ్చు కొట్టది.
డీలరు అని నొక్కుదునా అంటే
సూపర్‌వైజరు నా భుజం మీదనే ఉన్నడు.
వెనుక లైను పెరిగింది.
నోటు మళ్ల మడత పెట్టుకున్నడు, అవే గీతల మీద.

మూడో దినం నాలుగ్గొట్టంగ
అందరికీ ఫ్రీ అని బోర్డు తిప్పిన్రు.
అప్పటికే సగం మిషిన్లు చెక్కపెట్టెలల్ల,
మేకులు కొడుతున్నరు.
నేను గూడ అప్పుడే లోపలికి పోయిన,
నా మెడల పట్టీ కౌంటరు దాకనే చెల్లింది ఇన్నొద్దులు.

కరెంటు తీసేసిన మగ్గం ఒక్కటి మిగిలింది.
నరహరి దాని కింద వంగి
వేలుతోటి చక్రం తిప్పిండు,
ఒక పన్ను, ఇంకో పన్ను.
"ఏడాదిల ఈడ అరుగుతది" అన్నడు.
రాద్దామంటే కాయిదం లేదు.
నేను ఖాళీ బిళ్ల ఇచ్చిన.
వెనుక దిక్కు ఫోన్ నంబరేసి
మిషిన్ సందుల చెక్కిండు.

ఏం పెట్టినవని ఉరికొచ్చిండు కంపెనీ పిలగాడు.
"ఏం లేదయ్యా" అన్నడు,
చేతి నూనె అంగీకి తుడుచుకుంట.
"అరిగినంక చూసుకో."